ఒకేలా ఉండే కంప్యూటర్ పేర్లను విడదీసి చదవడం ఎలా?

కంప్యూటర్లు, ఫోన్లు, వాటి విడిభాగాలు కొనేటప్పుడు మనం ఎక్కువగా పొరబడేది పేర్లను నమ్మడం వల్లనే. ఒక పేరు వస్తువు మొత్తాన్ని గురించి చెబుతున్నట్టు కనిపిస్తుంది గాని, చాలాసార్లు అది ఆ వస్తువుకు సంబంధించిన ఒకే ఒక్క సంగతి చెప్పి ఊరుకుంటుంది. టైప్-సి అన్న మాట ప్లగ్గు ఆకారాన్ని చెబుతుందే తప్ప ఆ కేబుల్‌లో ఎంత వేగం ఉందో చెప్పదు. ఎం.2 అన్న మాట కార్డు రూపాన్నీ, అది ఏ తరహా స్లాటులో దిగుతుందన్న సంగతినీ చెబుతుంది గాని, ఆ కార్డు కంప్యూటర్‌తో ఏ పద్ధతిలో మాట్లాడుతుందో చెప్పదు. కోర్ ఐ5 అన్న మాట ప్రాసెసర్‌లో ఒక తరగతిని సూచిస్తుంది గాని, ఆ చిప్‌లో ఎన్ని కోర్లు, అంటే విడివిడిగా లెక్కలు చేసే భాగాలు, ఉన్నాయో చెప్పదు.

అందువల్ల పేరు చదవగానే ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ పేరు నాకు ఏం చెబుతోంది, ఏం చెప్పకుండా వదిలేస్తోంది? ఆకారం, పని చేసే పద్ధతి, సామర్థ్యం అనే మూడింటిలో పేరు దేనికి జవాబు ఇస్తోందో గుర్తించి, మిగిలిన రెంటినీ పెట్టె మీద గాని, తయారీదారు వెబ్‌సైట్‌లోని స్పెసిఫికేషన్ల పేజీలో గాని వెతికి పట్టుకోవాలి. అన్నిటికంటే ఎక్కువ చిక్కు యూఎస్‌బీ దగ్గర ఉంది కనుక అక్కడి నుంచే మొదలుపెడదాం.

యూఎస్‌బీ: వెర్షన్ అంకెను కాదు, వేగాన్ని చదవండి

యూఎస్‌బీ 1996లో వచ్చింది. తొలి రోజుల్లో సెకనుకు 12 మెగాబిట్ల వేగానికి ఫుల్ స్పీడ్ అని పేరు పెట్టారు. 2000లో యూఎస్‌బీ 2.0 వచ్చి వేగం 480 మెగాబిట్లకు పెరిగినప్పుడు దానికి హై స్పీడ్ అన్నారు. అంటే ఫుల్ స్పీడ్ కంటే హై స్పీడ్ 40 రెట్లు ఎక్కువ. 2008లో 5 గిగాబిట్ల యూఎస్‌బీ 3.0 వచ్చింది, దానికి సూపర్‌స్పీడ్ అని పేరు. ఇంతవరకు అంకెలైనా వరుసలో ఉన్నాయి. 2013లో 10 గిగాబిట్ల కొత్త ప్రమాణం తెచ్చి దానికి 3.1 అని పేరు పెడుతూనే, పాత 3.0ను కూడా అందులో కలిపేసి దానిని 3.1 జెన్ 1 అనీ, కొత్త వేగాన్ని 3.1 జెన్ 2 అనీ పిలిచారు. 2017లో 20 గిగాబిట్ల వేగం వచ్చినప్పుడు మళ్లీ అదే పని జరిగింది. 3.0 కాస్తా 3.2 జెన్ 1 అయింది, 10 గిగాబిట్లది 3.2 జెన్ 2 అయింది, కొత్తది 3.2 జెన్ 2×2 అయింది.

దీని ఫలితం ఏమిటంటే, 2008 నాటి 5 గిగాబిట్ల వేగాన్నే మూడు వేర్వేరు పేర్లతో అమ్మే వీలు కలిగింది. పెట్టె మీద 3.2 అని పెద్ద అక్షరాలతో రాసి, జెన్ 1 అన్న ముక్కను వెనకవైపు చిన్న అక్షరాల్లో వేసినా, లేదా అసలు వేయకపోయినా, కొనేవారు కొత్తది, వేగవంతమైనది అనుకుని తీసుకుంటారు. ప్రమాణాలను రూపొందించేవారు ఇంజనీర్ల సౌకర్యం చూసుకున్నారు గాని, దుకాణంలో నిలబడి రెండు పెట్టెలను పోల్చుకునే మనిషి గురించి ఆలోచించలేదని నా గట్టి అభిప్రాయం. 2019లో యూఎస్‌బీ4 వచ్చింది. 2022లో దానికి 80 గిగాబిట్ల వేగాన్నిచ్చే సవరణ తెచ్చి యూఎస్‌బీ4 వెర్షన్ 2.0 అన్నారు. ఆ పేరులోని 2.0ను మాత్రమే చూసినవారికి పాతికేళ్లనాటి యూఎస్‌బీ 2.0 గుర్తుకొస్తే అది వారి తప్పు కాదు.

ఈ పేర్లన్నీ కంఠస్థం చేయనక్కరలేదు. 2022లోనే ప్రమాణాల సంస్థ సూపర్‌స్పీడ్ వంటి పేర్లను పక్కనపెట్టి, వేగాన్నే పేరుగా రాయమని కంపెనీలకు సూచించింది. కాబట్టి పెట్టె మీద 5 జీబీపీఎస్ (అంటే సెకనుకు 5 గిగాబిట్లు), 10 జీబీపీఎస్, 20 జీబీపీఎస్, 40 జీబీపీఎస్ అన్న అంకె కోసమే చూడండి. 3.1, 3.2 అని మాత్రమే ఉండి ఆ అంకె ఎక్కడా లేకపోతే దానిని 5 జీబీపీఎస్‌గానే లెక్కగట్టుకోండి. ఎక్కువ వేగం ఉన్న వస్తువును తయారుచేసినవారు ఆ సంగతి రాయకుండా ఊరుకోవడం అరుదు.

ఇక్కడే మరో చిన్న మెలిక ఉంది. ఈ వేగాలన్నీ బిట్లలో ఉంటాయి, మన ఫైళ్ల పరిమాణం బైట్లలో ఉంటుంది, ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. ఆంగ్లంలో చిన్న బీ రాస్తే బిట్, పెద్ద బీ రాస్తే బైట్. యూఎస్‌బీ 2.0 వేగమైన 480 మెగాబిట్లంటే కాగితం మీద సెకనుకు 60 మెగాబైట్లు, ఆచరణలో దాదాపు 35 నుంచి 40. ఒక పెళ్లి వీడియో 50 గిగాబైట్లుందనుకుంటే, యూఎస్‌బీ 2.0లో దానిని కాపీ చేయడానికి ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది. అదే వీడియోను 5 జీబీపీఎస్ పోర్టుకు తగిలించిన ఎస్‌ఎస్‌డీలోకి, అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లతో చేసిన వేగవంతమైన డిస్కులోకి, పంపితే రెండు మూడు నిమిషాల్లో పని అయిపోతుంది. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్‌కూ ఇదే లెక్క వర్తిస్తుంది. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో డౌన్‌లోడ్ వేగం సెకనుకు పన్నెండు మెగాబైట్ల దగ్గర ఆగితే కంపెనీ మోసం చేసినట్టు కాదు.

టైప్-సి కేబుల్: ఆకారం ఒకటి, లోపల వేరు

దుకాణాల్లో సి-టైప్ అని పిలిచే ఈ ప్లగ్గు 2014లో వచ్చింది. ఎటు తిప్పి పెట్టినా దిగుతుంది కనుక అందరికీ నచ్చింది. ఐరోపా సమాఖ్యలో 2024 డిసెంబరు 28 నుంచి అమ్మే కొత్త ఫోన్లన్నిటికీ ఈ పోర్టు తప్పనిసరి అయింది. ఒకే ఛార్జర్ అందరికీ సరిపోవడం మంచిదే, దానిని నేను మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తాను. కాని ఆకారం ఒకటయ్యేసరికి, పాత రోజుల్లో కంటికి కనబడే తేడా ఇప్పుడు కనబడకుండా పోయింది.

పాత పెద్ద యూఎస్‌బీ ప్లగ్గును ఒకసారి వెలుతురులో పెట్టి లోపలికి చూడండి. యూఎస్‌బీ 2.0 ప్లగ్గులో బంగారు రంగు పట్టీలు నాలుగే ఉంటాయి. 3.0 ప్లగ్గులో ఆ నాలుగింటి వెనక, కాస్త లోపలగా, మరో ఐదు సన్నని పట్టీలు కనిపిస్తాయి. చాలా కంపెనీలు లోపలి ప్లాస్టిక్‌కు నీలం రంగు కూడా వేస్తాయి. రంగు తప్పనిసరి కాదు గనుక దానికంటే పట్టీలను లెక్కపెట్టుకోవడం మేలు. టైప్-సి ప్లగ్గులో ఇలా చూసి తేల్చుకోవడం కుదరదు. ఆ నోట్లో 24 పట్టీలకు చోటుంది గాని, ఎన్నిటి వెనక నిజంగా తీగలున్నాయో బయటికి తెలియదు. ఫోన్‌తో పాటు పెట్టెలో వచ్చే ఛార్జింగ్ కేబుళ్లలో చాలావాటికి యూఎస్‌బీ 2.0 తీగలు మాత్రమే ఉంటాయి. దానినే తీసుకెళ్లి బయటి ఎస్‌ఎస్‌డీకి తగిలిస్తే, ఎంత ఖరీదైన ఎస్‌ఎస్‌డీ అయినా 480 మెగాబిట్ల దగ్గరే ఆగుతుంది. "ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు" అన్న మన సామెత ఇటువంటి చోటికి సరిగ్గా సరిపోతుంది.

ఫోన్ల పోర్టుల్లోనూ ఈ తేడా ఉంది. 2023లో వచ్చిన ఐఫోన్ 15, ఐఫోన్ 15 ప్రో రెండింటికీ టైప్-సి పోర్టే. మొదటిది యూఎస్‌బీ 2 వేగాన్నిస్తుంది, రెండవది 10 జీబీపీఎస్ వరకు ఇస్తుంది. ఫోన్ నుంచి పెద్ద వీడియోలు కంప్యూటర్‌లోకి పంపేవారు ఈ సంగతి కొనకముందే చూసుకోవాలి.

ఛార్జింగ్ మరొక వరుస. మామూలు టైప్-సి కేబుల్ 3 ఆంపియర్ల వరకు, అంటే 60 వాట్ల వరకు మోస్తుంది. అంతకు మించి మోయాలంటే కేబుల్ లోపల తన సామర్థ్యాన్ని ఛార్జర్‌కు చెప్పే చిన్న చిప్ ఉండి తీరాలి. 2021లో వచ్చిన మార్పుతో అటువంటి చిప్ ఉన్న కేబుళ్ల హద్దు 240 వాట్లకు పెరిగింది. 240 వాట్ల కేబుల్ కదా అని దానిలో డేటా వేగం కూడా ఎక్కువే అనుకోకూడదు. ఎక్కువ వాట్లు మోస్తూ యూఎస్‌బీ 2.0 వేగమే ఉన్న కేబుళ్లు సర్వసాధారణం. కేబుల్ కొనేటప్పుడు ఒకటి వాట్లు, రెండవది జీబీపీఎస్ అని రెండు అంకెలు విడివిడిగా అడగండి. అమ్మేవారు ఫాస్ట్ ఛార్జింగ్ అని మాత్రమే చెబితే రెండవ ప్రశ్నకు జవాబు ఇంకా రాలేదని గ్రహించండి. కొన్ని ఫోన్ కంపెనీలకు సొంత ఫాస్ట్ ఛార్జింగ్ పద్ధతులున్నాయి. వాటిలో అడాప్టరు, కేబుల్ రెండూ ఆ పద్ధతికి చెందినవైతేనే పెట్టె మీద రాసిన వాట్లు వస్తాయి. ల్యాప్‌టాప్ కోసం కొన్న 65 వాట్ల ఛార్జర్ అదే అంకె ఉన్న ఫోన్‌ను నెమ్మదిగా ఛార్జ్ చేస్తోందంటే కారణం సాధారణంగా ఇదే.

నాసిరకం కేబుల్ వల్ల కలిగే నష్టం నెమ్మదితనంతో ఆగదు. గూగుల్ ఇంజనీర్ బెన్సన్ లియుంగ్ 2015 నుంచి బజారులో దొరికే టైప్-సి కేబుళ్లను కొని పరీక్షిస్తూ ఫలితాలను బహిరంగంగా రాస్తూ వచ్చారు. 2016 ఫిబ్రవరిలో ఒక కేబుల్ ఆయన పరీక్షకు వాడుతున్న ల్యాప్‌టాప్‌నే పాడుచేసింది. విప్పి చూస్తే, సూపర్‌స్పీడ్ అని అమ్మిన ఆ కేబుల్‌లో సూపర్‌స్పీడ్ తీగలే లేవు, 56 కిలో ఓమ్‌ల నిరోధకం ఉండవలసిన చోట 10 కిలో ఓమ్‌లది ఉంది, పైగా కరెంటు తీగ, గ్రౌండ్ తీగ తారుమారై ఉన్నాయి. పేరు మాత్రం పెట్టె మీద సరిగ్గానే ఉంది. అందుకే కేబుల్ విషయంలో యూఎస్‌బీ ధ్రువీకరణ ముద్ర, అంటే వాట్లూ జీబీపీఎస్‌లూ అచ్చువేసిన అధికారిక చిహ్నం, ఉన్నదానికి కాస్త ఎక్కువ ధర పెట్టడం వృథా ఖర్చు కాదు.

ల్యాప్‌టాప్ మీది టైప్-సి పోర్టు పక్కన చెక్కిన చిన్న గుర్తులను కూడా చదవడం నేర్చుకోండి. మెరుపు గుర్తు ఉంటే థండర్‌బోల్ట్, అంటే డేటానూ మానిటర్ చిత్రాన్నీ ఎక్కువ వేగంతో మోసే పోర్టు. బ్యాటరీ బొమ్మగాని, ప్లగ్గు బొమ్మగాని ఉంటే దాని ద్వారా ల్యాప్‌టాప్‌ను ఛార్జ్ చేయవచ్చు. డీ, పీ అక్షరాలు కలిసిపోయినట్టుండే గుర్తు ఉంటే మానిటర్ తగిలించవచ్చు. ఏ గుర్తూ లేకపోతే మోడల్ నంబరుతో తయారీదారు పేజీ తెరిచి చూసుకోవలసిందే. మెరుపు గుర్తుతో మరొక గందరగోళం కూడా ఉంది. ఆపిల్ 2012లో ఐఫోన్ 5తో తెచ్చిన పోర్టు పేరు లైట్నింగ్. దానికీ థండర్‌బోల్ట్‌కూ ఏ సంబంధమూ లేదు, ఒకదాని కేబుల్ మరొకదానిలో దిగదు.

మానిటర్‌కు వాడే హెచ్‌డీఎంఐ సంగతి ఒక్క ముక్కలో చెప్పుకోవచ్చు. టీవీ మీద హెచ్‌డీఎంఐ 2.1 అని ఉన్నంత మాత్రాన ఆ ప్రమాణంలోని సౌకర్యాలన్నీ అందులో ఉండాలని లేదు, వాటిలో చాలావరకు ఐచ్ఛికాలే. 4కే చిత్రం సెకనుకు 120 ఫ్రేములతో రావాలంటే ఆ మాట స్పెసిఫికేషన్‌లో విడిగా రాసి ఉండాలి. కేబుల్ మీద అల్ట్రా హై స్పీడ్ అని ధ్రువీకరణ చీటీ ఉండాలి. ప్రీమియం హై స్పీడ్ అన్నది దానికంటే కింది మెట్టు.

ఎం.2 కార్డు: కొనేముందు రెండు చోట్ల చూడాలి

పాత ల్యాప్‌టాప్ నెమ్మదించిందని ఎస్‌ఎస్‌డీ వేయించుకోవడం తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితమిచ్చే పని. దానిలో తరచూ జరిగే తప్పు ఎం.2 పేరుతోనే మొదలవుతుంది. ఎం.2 అంటే చూయింగ్ గమ్ పట్టీ అంత సన్నటి కార్డు, అది దిగే స్లాటు. దానిమీద రాసే 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. 2242, 2230 అనే పొట్టి కార్డులు కూడా ఉన్నాయి. ఈ కార్డు కంప్యూటర్‌తో సాటా పద్ధతిలో మాట్లాడవచ్చు, లేదా ఎన్‌వీఎంఈ పద్ధతిలో మాట్లాడవచ్చు. సాటా కార్డు సెకనుకు దాదాపు 550 మెగాబైట్ల దగ్గర ఆగుతుంది. కంప్యూటర్ లోపలి పీసీఐ ఎక్స్‌ప్రెస్ అనే డేటా దారిలో మూడవ తరం దాని మీద నడిచే ఎన్‌వీఎంఈ కార్డు 3,500 మెగాబైట్ల వరకు, నాలుగవ తరంది 7,000 మెగాబైట్ల వరకు వెళ్తుంది. సామ్‌సంగ్ 860 ఈవో, 970 ఈవో రెండూ ఎం.2 కార్డులుగా దొరికేవే, రెండింటి కొలతలూ ఒకటే. మొదటిది సాటా, రెండవది ఎన్‌వీఎంఈ.

కార్డు చేతిలో ఉంటే దాని బంగారు రంగు అంచును దగ్గరగా పెట్టుకుని చూడండి. ఒక గంటు మాత్రమే ఉండి, దానికి బయటివైపు ఐదు పట్టీలు విడిగా కనిపిస్తే అది ఎం-కీ. ఎక్కువ ఎన్‌వీఎంఈ కార్డులు ఇలాగే ఉంటాయి. రెండు చివర్లా రెండు గంట్లుంటే, ఒకవైపు ఐదు, మరొకవైపు ఆరు పట్టీలు విడిపోయి ఉంటే అది చాలావరకు సాటా కార్డు. చాలావరకు అంటున్నాను, ఎందుకంటే రెండు గంట్లున్న ఎన్‌వీఎంఈ కార్డులు కూడా కొన్ని వచ్చాయి. పైగా రెండు గంట్ల సాటా కార్డు ఎం-కీ స్లాటులో చక్కగా దిగుతుంది, స్క్రూ కూడా బిగుస్తుంది, కాని ఆ స్లాటుకు సాటా తెలియకపోతే కంప్యూటర్ ఆ కార్డును అసలు గుర్తించదు. కార్డు చెడిపోయిందని వెనక్కి పంపేవారిలో కొందరి సమస్య ఇదే.

కాబట్టి మొదట ల్యాప్‌టాప్ మాన్యువల్‌లో ఆ స్లాటు ఏ పద్ధతిని అంగీకరిస్తుందో, ఎంత పొడవు కార్డు పడుతుందో చూడాలి. తరువాత కార్డు పెట్టె మీద ఎన్‌వీఎంఈ అనిగాని, సాటా అనిగాని స్పష్టంగా ఉందో లేదో చూడాలి. ఇప్పటికే ఎం.2 కార్డు ఉన్న ల్యాప్‌టాప్‌లో అయితే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇంటర్‌ఫేస్ అన్న గడి చూస్తే ఆ కార్డు ఏ పద్ధతిదో తెలిసిపోతుంది. పాత కార్డును తీసి బయట వాడుకోవడానికి డబ్బా కొనేవారు కూడా ఇదే ప్రశ్న అడగాలి. ఎన్‌వీఎంఈకి మాత్రమే పనికొచ్చే డబ్బాలూ, సాటాకు మాత్రమే పనికొచ్చేవీ, రెంటికీ పనికొచ్చేవీ పక్కపక్కనే అమ్ముతారు.

మూడు ఐదులు, ఒక ఆరు

భారతదేశంలో 5జీ మొబైల్ సేవలు 2022 అక్టోబరు 1న ప్రారంభమయ్యాయి. అంతకు ముందు నుంచే మన ఇళ్లలోని వైఫై రూటర్లు నెట్‌వర్క్ పేరు చివర 5జీ అని తగిలించి చూపిస్తున్నాయి. రూటర్‌లోని ఆ 5జీ అంటే 5 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం, మొబైల్‌లోని 5జీ అంటే అయిదవ తరం. వైఫై 5 అన్న మూడవ పేరు 2018లో వచ్చింది. అంతవరకు 802.11ఏసీ అని పిలిచిన ప్రమాణానికి వైఫై అలయన్స్ పెట్టిన సులువైన పేరు అది. ఈ మూడు ఐదులకూ ఒకదానితో మరొకదానికి చుట్టరికం లేదు. తన ఫోన్ 4జీ కనుక 5జీ అని ఉన్న వైఫై తగలదని, తగిలినా అదనంగా ఛార్జీ పడుతుందని అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. అటువంటిదేమీ లేదు.

వాడకంలో గుర్తుంచుకోవలసింది ఇంతే: 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ రూటర్ ఉన్న గదిలో వేగంగా ఉంటుంది, గోడలు అడ్డొస్తే త్వరగా బలహీనపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ దూరం వెళ్తుంది, వేగం తక్కువ. వైఫై ప్రింటర్లు, స్మార్ట్ ప్లగ్గులు చాలావరకు 2.4 మాత్రమే అందుకుంటాయి కనుక అవి కనెక్ట్ కాకపోతే ముందు నెట్‌వర్క్ మార్చి చూడండి. రూటర్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ పేరు నుంచి 5జీ అన్న తోకను తీసేసి మీకు అర్థమయ్యే పేరు పెట్టుకుంటే ఇంట్లో పెద్దవారికి ఈ చిక్కు శాశ్వతంగా తీరిపోతుంది. వైఫై 6 కూడా 6 గిగాహెర్ట్జ్‌ను సూచించదు. ఆ పౌనఃపున్యం కావాలంటే పేరులో 6ఈ అనో, 7 అనో ఉన్న రూటర్ స్పెసిఫికేషన్‌లో అది విడిగా కనిపించాలి. ఎయిర్‌ఫైబర్ అనే పేరుతో ఇస్తున్న ఇంటి ఇంటర్నెట్‌లో ఫైబర్ తీగ ఇంటిలోపలికి రాదని, మేడ మీద పెట్టిన పరికరం గాలిలో వచ్చే సంకేతాన్ని అందుకుంటుందని తెలుసుకుని కనెక్షన్ తీసుకోండి. ఫైబర్ తీగ వచ్చే వీధిలో ఉన్నవారికి ఎంపిక వేరుగా ఉండవచ్చు.

ఫోన్ ప్రకటనల్లో కనిపించే 8 ప్లస్ 8 ర్యామ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అందులో మొదటి ఎనిమిదే నిజమైన ర్యామ్. రెండవ ఎనిమిది మీ స్టోరేజీ నుంచి అరువు తీసుకున్న చోటు, ర్యామ్ కంటే ఎంతో నెమ్మది. రెండు ఫోన్లను పోల్చేటప్పుడు ప్లస్ గుర్తుకు కుడివైపు ఉన్నది కొట్టేసి పోల్చండి.

ప్రాసెసర్: అసలు సమాచారం చివరి అంకెల్లో ఉంది

ఇంజనీరింగ్‌లో చేరిన పిల్లలకు ల్యాప్‌టాప్ కొనే తల్లిదండ్రులు ఐ5 ఉందా, ఐ7 ఉందా, రైజెన్ 5 ఉందా అని అడుగుతారు. ఎక్కువ డబ్బు పెట్టే చోట, నాలుగేళ్లు వాడవలసిన వస్తువు విషయంలో, ఆ ప్రశ్న సగమే. ఏఎండీ కంపెనీ రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ అన్న రెండు చిప్‌లను తీసుకోండి. పేరులో తేడా ఒక్క అంకె. మొదటిదానిలో నాలుగు కోర్లు, 2019లో తొలిసారి వచ్చిన జెన్ 2 అనే లోపలి నిర్మాణం (యూఎస్‌బీ పేర్లలోని జెన్‌తో దీనికి సంబంధం లేదు). రెండవదానిలో ఆరు కోర్లు, దాని తరువాతి జెన్ 3 నిర్మాణం. ఆ వరుసలో మొదటి అంకె అయిన 7 కేవలం 2023 సంవత్సరపు శ్రేణి అని చెబుతుంది, నిర్మాణం ఏమిటో మూడవ అంకె చెబుతుంది. కొత్తదనాన్ని ముందువరుసలో నిలబెట్టి, పాతదనాన్ని మూడవ అంకెలో దాచిన ఈ పద్ధతి కొనేవారికి న్యాయం చేయలేదని చెప్పక తప్పదు.

ఇంటెల్‌లో చివరి అక్షరం ముఖ్యం. కోర్ ఐ5-1235యూలో వేగవంతమైన కోర్లు రెండు, పొదుపు కోర్లు ఎనిమిది. కోర్ ఐ5-12500హెచ్‌లో వేగవంతమైనవి నాలుగు, పొదుపువి ఎనిమిది. రెండూ 12వ తరం ఐ5లే. యూ రకం బ్యాటరీని ఎక్కువసేపు నిలుపుతుంది, హెచ్ రకం బరువైన పనులకు తట్టుకుంటుంది. రోజంతా కళాశాలలో ప్లగ్గు దొరకని విద్యార్థికి యూ రకమే మేలు కావచ్చు కనుక ఇందులో ఒకటి మంచిది, మరొకటి చెడ్డది అని లేదు. ఏది కొంటున్నామో తెలిసి కొనడం ముఖ్యం.

గ్రాఫిక్ కార్డుల్లో మెమొరీ అంకెను మాత్రమే తేడాగా చూపి లోపలి చిప్‌ను కూడా తగ్గించిన సందర్భాలున్నాయి. 2016లో వచ్చిన జీటీఎక్స్ 1060లో 6 జీబీ కార్డుకు 1,280 కోర్లుంటే 3 జీబీ కార్డుకు 1,152 మాత్రమే. 2022లో ఎన్‌విడియా ఇదే రీతిలో ఆర్‌టీఎక్స్ 4080 పేరుతో 16 జీబీ, 12 జీబీ అని రెండు వేర్వేరు చిప్‌ల కార్డులను ప్రకటించింది. విమర్శలు రావడంతో అక్టోబరులో 12 జీబీ కార్డును ఉపసంహరించుకుని, 2023 జనవరిలో 4070 టీఐ అన్న పేరుతో విడుదల చేసింది. కొనేవారు గట్టిగా అడిగితే పేర్లు మారతాయనడానికి ఇది నిదర్శనం. ల్యాప్‌టాప్‌లోని కార్డును డెస్క్‌టాప్‌లో అదే పేరున్న కార్డుతో మాత్రం ఎన్నడూ పోల్చకండి. డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4090లో 16,384 కోర్లుంటే ల్యాప్‌టాప్ 4090లో 9,728 ఉన్నాయి.

బిల్లు రాయించుకునేటప్పుడు ఐ5 ల్యాప్‌టాప్ అని కాకుండా, పూర్తి మోడల్ నంబరు, ప్రాసెసర్ పూర్తి పేరు రాయించుకోండి. ఆన్‌లైన్‌లో కొంటే ఆ రోజు పేజీలో ఉన్న స్పెసిఫికేషన్లను స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. చెప్పినది ఒకటి, వచ్చినది మరొకటి అయితే, అమ్మినవారు పట్టించుకోకపోతే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినప్పుడు చేతిలో ఉండవలసిన ఆధారాలు ఇవే.

నేర్చుకునేవారు, ఇన్‌స్టాల్ చేసేవారు చూడవలసినవి

జావా, జావాస్క్రిప్ట్ అన్న రెండు భాషలు 1995లోనే వెలుగులోకి వచ్చాయి. జావాను సన్ మైక్రోసిస్టమ్స్‌లో జేమ్స్ గాస్లింగ్ బృందం రూపొందించింది. జావాస్క్రిప్ట్‌ను నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తొలిరూపుకు తెచ్చారు. దానికి మొదట మోకా అనీ, తరువాత లైవ్‌స్క్రిప్ట్ అనీ పేర్లుండేవి. ఆ ఏడాది డిసెంబరులో, జావాకు ఉన్న ఊపును అందుకోవడానికి, సన్‌తో ఒప్పందం మీద జావాస్క్రిప్ట్ అని మార్చారు. రెండింటి రాతలో కొంత పోలిక ఉన్నా అవి వేర్వేరు భాషలు, ఒకటి వస్తే మరొకటి వచ్చినట్టు కాదు. అమీర్‌పేటలో గాని, ఆన్‌లైన్‌లో గాని కోర్సులో చేరేముందు సిలబస్ అడిగి తీసుకుని, అందులో స్ప్రింగ్, హైబర్నేట్ వంటివి ఉంటే జావా అనీ, నోడ్, రియాక్ట్ వంటివి ఉంటే జావాస్క్రిప్ట్ అనీ గుర్తుపట్టండి. ఫుల్ స్టాక్ జావా అన్న కోర్సులో రెండూ ఉండవచ్చు, అప్పుడు దేనికి ఎన్ని వారాలో అడగండి. వెబ్ పేజీలు కట్టడానికి వాడే యాంగ్యులర్‌జేఎస్, యాంగ్యులర్ అన్న సాధనాలూ వేర్వేరు. 2016లో యాంగ్యులర్‌ను పూర్తిగా తిరగరాశారు, పాత యాంగ్యులర్‌జేఎస్‌కు గూగుల్ మద్దతు 2021 డిసెంబరు 31తో ముగిసింది. పాత వీడియో పాఠాలతో సిద్ధమయ్యేవారు తేదీ చూసుకోకపోతే నెలల శ్రమ ఇంటర్వ్యూలో అక్కరకు రాదు.

పైథాన్ నేర్చుకునేవారికి ఎదురయ్యే పేర్ల చిక్కు ఇంకాస్త ప్రమాదకరమైనది. ఇతరులు రాసిపెట్టిన కోడ్ కట్టను ప్యాకేజీ అంటారు, దానిని ఇంటర్నెట్‌లోని పైథాన్ భాండాగారం నుంచి దించే సాధనం పిప్. ప్రోగ్రాంలో ఇంపోర్ట్ చేసే, అంటే వాడుకోవడానికి పిలిచే, పేరు, పిప్‌తో ఇన్‌స్టాల్ చేసే పేరు ఒకటే కానక్కరలేదు. సీవీ2 అని ఇంపోర్ట్ చేయాలంటే ఓపెన్‌సీవీ-పైథాన్ అన్న ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేయాలి, ఎస్‌కేలెర్న్ కావాలంటే సైకిట్-లెర్న్ చేయాలి. ఈ తేడా తెలియక ఊహించి టైప్ చేసే పేర్ల కోసమే దొంగలు కాచుకుని ఉంటారు. డేట్‌యుటిల్ అనే ప్రసిద్ధ ప్యాకేజీకి పైథాన్ భాండాగారంలో అసలు పేరు పైథాన్-డేట్‌యుటిల్. ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ సొంత భాండాగారంలో అదే ప్యాకేజీకి పైథాన్3-డేట్‌యుటిల్ అని పేరు. ఆ రెండవ పేరుతో పైథాన్ భాండాగారంలో ఎవరో నకిలీ ప్యాకేజీ పెట్టారు. అది జెల్లీఫిష్ అన్న మరో ప్యాకేజీకి నకిలీని లోపలికి తెచ్చుకునేది. ఆ నకిలీ పేరులో ఆంగ్ల చిన్న ఎల్ అక్షరం ఒకదానికి బదులు పెద్ద ఐ అక్షరం ఉంది, చాలా ఫాంట్లలో రెండూ ఒకేలా నిలువు గీతగా కనిపిస్తాయి. అది వాడినవారి ఎస్‌ఎస్‌హెచ్, జీపీజీ తాళంచెవులను, అంటే సర్వర్లలోకి వెళ్లడానికీ సందేశాలను రహస్యంగా ఉంచడానికీ వాడే రహస్య ఫైళ్లను, దొంగిలించేది. 2019 డిసెంబరులో బయటపడి రెండింటినీ తొలగించేసరికి, జెల్లీఫిష్ నకిలీ అక్కడ దాదాపు ఏడాదిగా ఉంది. జావాస్క్రిప్ట్ వైపు 2017లో క్రాస్-ఎన్వ్ అన్న ప్యాకేజీకి మధ్య గీత తీసేసిన నకిలీ ఇలాగే దొరికింది.

ప్యాకేజీ పేరును చదివి టైప్ చేయడం మానేసి, ఆ ప్రాజెక్టు అధికారిక డాక్యుమెంటేషన్ తెరిచి అందులోని ఇన్‌స్టాల్ వరుసను కాపీ చేసుకోండి. భాండాగారంలో ఆ ప్యాకేజీ పేజీకి వెళ్లి, అది ఎప్పుడు మొదలైందో, ఎన్ని విడుదలలున్నాయో, సోర్స్ కోడ్ లింకు అసలు ప్రాజెక్టుకే వెళ్తోందో లేదో చూడండి. మొన్ననే మొదలై ఒక్కటే విడుదల ఉన్న ప్యాకేజీకి ప్రసిద్ధమైన పేరు ఉంటే అక్కడే ఆగిపోండి. పొరపాటున ఇన్‌స్టాల్ చేశారని తెలిస్తే, దానిని తీసేయడంతో పని పూర్తికాదు. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడే దాని కోడ్ నడిచి ఉండవచ్చు. కాబట్టి ఆ కంప్యూటర్‌ను నెట్‌వర్క్ నుంచి తప్పించి, మరొక కంప్యూటర్ నుంచి పాస్‌వర్డులు మార్చి, పాత ఎస్‌ఎస్‌హెచ్ తాళంచెవులను సర్వర్లలోనూ గిట్‌హబ్ ఖాతాలోనూ రద్దు చేసి, కొత్తవి తయారుచేసుకోండి. ఆఫీసు కంప్యూటర్ అయితే ఆ రోజే భద్రతా విభాగానికి తెలియజేయండి.